శ్రుతి యంత్రానిది, లయ మనిషిది

కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ కళకు కాలం చెల్లినదనే మాట ఒకటి వినబడుతూనే ఉన్నది. ఆ మాట అన్నవారందరూ చాదస్తులు కారు. వారి భయంలో కొంత నిజమూ లేకపోలేదు. 1940లో మన ఆకాశవాణి హార్మోనియాన్ని బహిష్కరించింది. 1971 వరకు ఆ కట్టు సడలలేదు. మెట్లకు బిగించిన వాద్యం గమకాన్ని పలకజాలదని ఆనాటి విజ్ఞుల ఆక్షేపణ. కాని అదే దేశంలో సముద్రాలు దాటి వచ్చిన ఫిడేలు కర్ణాటక సంగీతంలో ఇంటి వాద్యమై కూర్చున్నది. బాలుస్వామి దీక్షితుల చేతిలో తొలి అడుగులు వేసిన ఆ పరాయి వాద్యం ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతికి వచ్చేసరికి విజయనగరపు సొత్తయింది. ఒకదానిని గెంటివేసి, వేరొకదానిని పీట వేసి కూర్చుండబెట్టడంలో మన పెద్దలు చూచినది దాని పుట్టుకను కాదు. వాయించేవాని చేతికి అది ఎంత చోటు విడిచిపెడుతున్నదనే వారు చూచారు.

ఈ విచారణ నేడు మరింత అవసరమయింది. నాలుగు మాటలు టైపు చేస్తే చాలు, పల్లవీ చరణాలూ కట్టి, బాణీ కూర్చి, గొంతు కూడ తానే పెట్టి పాట వినిపించే కృత్రిమమేధ మన విద్యార్థుల చేతిలోని ఫోనులోకి వచ్చి కూర్చున్నది. “ఇక నేర్చుకోవడం ఎందుకండీ?” అని వారడిగితే ఉపాధ్యాయులు కోపగించి లాభం లేదు. అది న్యాయమైన ప్రశ్న. యంత్రసంగీతం ఇంకా పురిటిలో ఉన్ననాడు అమెరికాలో దానిని జనరంజకమైన పాటగా మలచడానికి పూనుకొన్న ఇద్దరు మిత్రుల చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం వెదకడంలో మనకు తోడ్పడుతుందని నా విశ్వాసం. వారి జంటకు ‘సిల్వర్ ఆపిల్స్’ అని పేరు.

ఆ ఇద్దరిలో పెద్దవాడు సిమియన్ కాక్స్. 1938లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో పుట్టి, న్యూ ఆర్లియన్స్‌లో పెరిగాడు. స్వతహాగా చిత్రకారుడు. రెండవవాడు డానీ టేలర్, అతనికంటె పదేండ్లు చిన్న, డ్రమ్ములు వాయించేవాడు. 1967 ప్రాంతంలో ఇద్దరూ న్యూయార్క్ నగరంలో, కవులకూ గాయకులకూ ఆటపట్టైన గ్రీనిచ్ విలేజ్ పేటలో, ఐదుగురు సభ్యుల బృందం ఒకదానిలో ఉండేవారు. గిటార్లు మ్రోగించి నాటి వాడుక పాటలు పాడుకొనే బృందాలు అక్కడ కొల్లలు. వీరిదీ అటువంటిదే.

ఒకనాడు సిమియన్ తన మిత్రుని వద్ద ఉన్న పాత ఆసిలేటరు ఒకదానిని వేదిక మీదికి తెచ్చాడు. ఆసిలేటరు వాద్యం కాదు. విద్యుత్కంపనాలను పుట్టించి, శబ్దపరికరాలు సరిగా పనిచేస్తున్నవో లేదో పరీక్షించడానికి ప్రయోగశాలల్లో వాడే పెట్టె. ఇతడు తెచ్చినది రెండవ ప్రపంచయుద్ధకాలం నాటిది. మర త్రిప్పితే కూత హెచ్చుతుంది, తగ్గుతుంది. అంతకుమించి దానికి విద్య లేదు. గిటార్ల నడుమ ఈ కూతను మిగిలినవారు సహించలేకపోయారు. ఒకరి వెనుక ఒకరుగా బృందాన్ని విడిచిపోయారు. కడకు పాటగాడూ, డ్రమ్ములవాడూ, ఆ పెట్టే మిగిలారు. సంగీతచరిత్రలో కొత్తదారులు ఇట్లా కూడ పుడతాయి: సంకల్పం వల్ల కొంత, పోయినవారు పోగా మిగిలినదానితో సరిపెట్టుకోవడం వల్ల కొంత.

పేరు మాత్రం కవిత్వం నుండి వచ్చింది. ఐరిష్ మహాకవి యేట్సు వ్రాసిన ‘సంచారి ఏంగస్ పాట’ అనే కవితలో చంద్రుని వెండి ఆపిళ్ల ప్రస్తావన ఉన్నది. రవీంద్రుని ఆంగ్ల గీతాంజలికి 1912లో పీఠిక వ్రాసిన యేట్సు ఇతడే గనుక మన ఉపాధ్యాయులకు కొత్తవాడు కాడు. విశేషమేమంటే, 1967లోనే మోర్టన్ సబోట్నిక్ అనే అమెరికన్ స్వరకర్త తన యంత్రసంగీత కృతికి అదే కవిత నుండి పేరు పెట్టుకొన్నాడు. సబోట్నిక్ చేతిలో ఉన్నది డాన్ బుక్లా అనే నిపుణుడు శ్రద్ధతో నిర్మించిన వాద్యం. రాబర్ట్ మోగ్ నిర్మించిన సింథసైజర్లు కూడ అప్పటికి కొద్దిమందికి అందుబాటులోకి వచ్చాయి. వాటి ధర సామాన్య కళాకారుడు అందుకోగలిగినది కాదు. ఒకే కవి పలుకు ఒకవంక కొత్త వాద్యానికీ, మరొకవంక పాతసామానుకూ పేరు కావడం చమత్కారమే గదా!

సిమియన్ ఆ పాతసామానును పోగుచేసుకొంటూ పోయాడు. ఒక ఆసిలేటరు ఒక సమయంలో ఒక స్వరాన్నే పలుకుతుంది. మరొక స్వరం కావలెనంటే మరొక పెట్టె కావాలి. 1968 నాటికి అతని వద్ద తొమ్మిది ఆసిలేటర్లు చేరాయి. వాటిని అదుపుచేసే మరలూ మీటలూ కలిపి ఎనభైయారు. పియానో మెట్ల వరుస అతడు నేర్చినవాడు కాడు. అందువల్ల తంతి కార్యాలయాలలో కట్టకడ కొట్టే మీటల వంటివాటిని తెచ్చి స్వరానికొకటిగా బిగించుకొన్నాడు. మీట నొక్కితే స్వరం పలుకుతుంది, విడిస్తే ఆగుతుంది. ప్రధానస్వరాలకు చేతులు, మోచేతులు, మోకాళ్లు, మంద్రస్వరాలకు పాదాలు. వీటన్నిటితో పాటు గొంతెత్తి పాడడం కూడ అతని పనే. మన అవధాని బుద్ధితో చేసే పనిని ఇతడు అవయవాలతో చేశాడనవచ్చు. ఈ సరంజామా మొత్తానికి అతని పేరే స్థిరపడి, ‘సిమియన్’ అని వాడుకలోకి వచ్చింది. వాయించేవాడెవడో, వాద్యమేదో వేరుచేయలేని స్థితికి అంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చదువరులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలెనని కోరుతున్నాను. యంత్రం అనగానే శ్రమను తగ్గించేది అని మనం అనుకొంటాము. ఈ యంత్రం శ్రమను తగ్గించలేదు. గిటారు వాయించేవానికి పది వ్రేళ్లు చాలును. దీనికి ఒళ్లంతా కావలసివచ్చింది. మనిషి కదలనిదే అది కదలదు. అతడు అలసిపోతే అదీ ఆగిపోవలసిందే. దానంతట అది లయను నిలబెట్టుకోలేదు.

అందువల్లనే రెండవవాడు కావలసివచ్చాడు. శ్రుతిని తల్లిగా, లయను తండ్రిగా చెప్పుకొనే సంప్రదాయం మనది. ఆ జంటలో శ్రుతి యంత్రానిది, లయ మనిషిది. ఆసిలేటర్ల కూత తంబురనాదం వలె పాట పొడవునా ఎడతెగక సాగుతుంటే, డానీ టేలర్ దాని చుట్టూ దరువులు అల్లుకొంటూ పోతాడు. ఆ దరువు ఊరక తాళం వేయడం కాదు. మన మృదంగవిద్వాంసుడు కచేరీకి ముందు వాద్యాన్ని శ్రుతి చేసుకొన్నట్లుగా, టేలర్ తన డ్రమ్ములను ఆసిలేటర్ల స్వరాలకు అనుగుణంగా బిగించుకొనేవాడు. పాశ్చాత్య జనరంజక సంగీతంలో అది సాధారణంగా కనిపించే పద్ధతి కాదు. యంత్రం పలికే స్వరాలు కొద్ది. డ్రమ్ములు ఆ కొరతను పూడ్చాయి. యంత్రానికి తడబాటు లేదు, ఊపిరి లేదు. డ్రమ్ములు ఊపిరి పోశాయి. ఒకరి లోపం మరొకరికి ఉద్యోగం కల్పించిన స్నేహమది.

కాప్ అనే రికార్డు కంపెనీ వీరిని ఆదరించి 1968లో తొలి ఆల్బమ్‌ను వెలువరించింది. అందులో తొమ్మిది పాటలు. స్టాన్లీ వారెన్ అనే కవి వాటిలో పెక్కింటికి సాహిత్యం సమకూర్చాడు. మొదటి పాటకు ‘ఆసిలేషన్స్’ అనే పేరు, అనగా ‘కంపనాలు’. వాద్యం తన్ను తానే పరిచయం చేసుకొన్నట్లుగా ఉంటుంది. మరొక పాటలో నవహో ఆదివాసుల కర్మకాండకు సంబంధించిన పదాలను తీసుకొన్నారు. ఇంకొకదానిలో రేడియోలో అప్పటికప్పుడు దొరికిన ప్రసారాల తునకలను పాట నడుమ చొప్పించారు. 1969లో వచ్చిన రెండవ ఆల్బమ్ ‘కాంటాక్ట్’లో సిమియన్ బాంజో కూడ అందుకొన్నాడు. అమెరికా పల్లెపట్టుల వాద్యమైన బాంజోనూ, ప్రయోగశాల పెట్టెనూ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టడానికి అతడు సంకోచించలేదు. 1969 జూలైలో మానవుడు చంద్రునిపై అడుగుమోపిన వేళ, న్యూయార్క్ సెంట్రల్ పార్కులో గుమిగూడిన జనసమూహం ఎదుట ఈ జంట వాయించింది. చంద్రుని ఆపిళ్ల పేరు పెట్టుకొన్నవారికి అంతకంటె సార్థకమైన సభ మరొకటి దొరకదు.

ఈ పాటలన్నీ గొప్పవని నేననను. సిమియన్ గొంతులో నిండుతనం తక్కువ. సాహిత్యంలో ఆ కాలపు యువకుల మత్తుభావుకత పలుచోట్ల అడ్డుతగులుతుంది. రాగవిస్తారానికి అలవాటుపడిన మన చెవికి ఆ స్వరాల బీదతనం తొందరగానే తెలిసిపోతుంది. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఆ బీదతనం ఎరువు తెచ్చుకొన్నది కాదు, దాచుకొన్నదీ కాదు. ఛందస్సు కవికి సంకెల అనేవారు యతిస్థానంలో దొరికిన పలుకు కవినే ఆశ్చర్యపరచే ఘడియను ఎరుగరు. తొమ్మిది పెట్టెలు కల్పించిన కట్టడి ఈ ఇద్దరికీ అటువంటి ఘడియలను ఎన్నో ఇచ్చింది. జర్మనీలో క్రాఫ్ట్‌వెర్క్ బృందం పుట్టినది 1970లో. న్యూయార్క్‌లోనే ‘సూయిసైడ్’ అనే మరొక యంత్రసంగీత జంట తొలి ఆల్బమ్ తెచ్చినది 1977లో. వీరు ఆ ఉభయులకూ ముందే దారి తీశారు.

దారి తీసినవారికి దారిలో నీడ దొరకదు. ‘కాంటాక్ట్’ అట్ట మీది బొమ్మలే వారి కొంప ముంచాయి. ముందువైపు పాన్ అమెరికన్ విమానసంస్థకు చెందిన విమానంలో చోదకుల స్థానంలో ఇద్దరూ కూర్చున్న ఛాయాచిత్రం. వెనుకవైపు కూలిన విమానశకలాల నడుమ అదే ఇద్దరు. ఆ సంస్థ వ్యాజ్యానికి దిగింది. ప్రయాణికుల నమ్మకం మీద బ్రతికే సంస్థకు అటువంటి పరిహాసం రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ బొమ్మ వేసినవారి వివేకాన్ని నేను సమర్థించను. కాని దాని ఫలితం తప్పుకు మించిపోయింది. రికార్డు అంగళ్ల నుండి మాయమయింది. అటు తరువాత రికార్డు కంపెనీయే నీరుగారిపోయింది. 1970లో సిద్ధపరచుకొన్న మూడవ ఆల్బమ్ వెలుగు చూడలేదు. ఇద్దరూ విడిపోయారు. మూడేండ్లు నిండీ నిండకముందే అంతా ముగిసిపోయింది.

ఇక్కడ నిలబడి లెక్కకట్టే పరీక్షకుడు వారికి ఏ మార్కులు వేసి ఉండేవాడు? అమ్ముడైన రికార్డులు కొద్ది. చేతికి చిక్కినది వ్యాజ్యం. మన పాఠశాలలలో ఏడాది తిరిగేసరికి బిడ్డల బ్రతుకులకు అంకెలు కట్టి చేతికిస్తున్నాము. ఏ విత్తనం ఎన్నాళ్లకు మొలకెత్తునో అంకె చెప్పజాలదు. ఈ విత్తనం పాతికేండ్లు మట్టిలో ఉన్నది.

1994లో జర్మనీలో ఎవరో ఆ రెండు ఆల్బములనూ అనుమతి లేకుండనే మళ్లీ అచ్చొత్తి అమ్మారు. చేసినది చౌర్యమే. కళాకారుని సొమ్ము కళాకారునికి చేరలేదు. కాని ఆ దొంగప్రతుల మూలంగానే కొత్తతరం ఈ పాటలను విన్నది. 1996లో కొందరు యువబృందాలవారు వీరి పాటలను తాము పాడి సన్మానసంపుటిగా వెలువరించారు. ఆ ఏడే సిమియన్ మరల వేదిక ఎక్కాడు. 1997లో రెండు ఆల్బములూ సక్రమంగా పునర్ముద్రణ పొందాయి. అప్పటికి టేలర్ ఆచూకీ తెలియదు. వేరే యువకులను తోడు పెట్టుకొని కొంతకాలం నడిపిన పిమ్మట, 1998లో పాత మిత్రుడు దొరికాడు. మరుగున పడిన మూడవ ఆల్బమ్ టేపులు అతని ఇంట భద్రంగా ఉన్నాయి. ‘ది గార్డెన్’ అనే పేరుతో అది ఆ ఏడే బయటికి వచ్చింది. ఇరువది యెనిమిదేండ్లు అటకమీద ఆ టేపులను నిలుపుకొన్నవాడు డ్రమ్ములవాడు కావడం నాకు ఎంతో అర్థవంతంగా తోస్తుంది. లయను కాపాడడం అతని పని గదా.

విధి వారికి ఎక్కువ గడువు ఇవ్వలేదు. అదే 1998 చివర కచేరీల యాత్రలో వారి వాహనం ప్రమాదానికి గురియై సిమియన్ మెడ ఎముక విరిగింది. ఒళ్లంతా వాద్యంగా చేసుకొన్నవానికి ఒళ్లే స్వాధీనం తప్పింది. ఏండ్ల తరబడి కోలుకొంటూ ఉండగా, 2005లో డానీ టేలర్ మరణించాడు.

తరువాత జరిగినదే ఈ చరిత్రకు ఆయువుపట్టు. 2007 నుండి సిమియన్ ఒంటరిగా వేదికలెక్కడం మొదలుపెట్టాడు. టేలర్ స్థానంలో మరొక డ్రమ్ములవానిని పెట్టుకోలేదు. మిత్రుడు వాయించగా నిలిచిన దరువులను తునకలుగా తీసి, యంత్రంలో పొందుపరచి, వాటితో కలిసి పాడాడు. 2016లో మరొక ఆల్బమ్ తెచ్చాడు. 2020 సెప్టెంబరులో, ఎనుబదిరెండవ యేట, అలబామా రాష్ట్రంలోని ఫెయిర్‌హోప్‌లో కన్నుమూశాడు. ఇంగ్లండులో పోర్టిస్‌హెడ్ బృందం 2008లో వెలువరించిన ఆల్బమ్‌లో వీరి పోకడలను విమర్శకులు ఎత్తిచూపారు. అంతకు ముందే, ఒక్క రికార్డుకూడ అంగట్లో దొరకని నాళ్లలోనే, వీరి పేరు కొత్త సంగీతకారుల నోళ్లలో పాఠం వలె నలుగుతూ వచ్చింది.

ఇక్కడ పూర్వపక్షం ఒకటి బయలుదేరుతుంది. “లయ మనిషిదని ఇంతదాకా చెప్పారు. చివరకు లయను కూడ యంత్రమే వాయించింది గదా! మరి మీ సిద్ధాంతం ఏమయింది?” అని అడుగవచ్చు. అడుగవలసిన ప్రశ్నే. నా సమాధానమిది. ఆ యంత్రం దరువును పుట్టించలేదు, దాచిపెట్టింది. ఆ దరువు వెనుక ఒక చేయి ఉన్నది. ఆ చేతి వెనుక ఏండ్ల సాధన ఉన్నది. డ్రమ్మును శ్రుతికి బిగించుకొన్న ఓపిక ఉన్నది. తాళపత్రం కవిని పుట్టించదు. కాని కవి గతించిన పిమ్మట పద్యాన్ని మోసుకొని వస్తుంది. ఏ యంత్రాన్ని చూచి మనిషి స్థానాన్ని ఆక్రమిస్తుందని జనం జంకారో, ఆ యంత్రమే గతించిన మిత్రుని స్థానాన్ని మరొకరు ఆక్రమించకుండ కాపలా కాచింది.

ఇప్పుడు మన విద్యార్థుల ప్రశ్నకు వద్దాము. నాలుగు మాటలకు పాట కట్టి ఇచ్చే యంత్రాన్ని నేను దూషించను. దూషించినంతమాత్రాన అది వెనుకకు పోదు. హార్మోనియం బహిష్కారం మనకు నేర్పిన పాఠాలలో అదొకటి. రేపు ఏ సాహసి దానిని కూడ ఎదురుచూడని దారికి మళ్లించవచ్చు. కాని ఏ యంత్రానికైనా పట్టవలసిన గీటురాయి ఒకటున్నది. యంత్రం ముందు కూర్చున్నవాడు లేచినప్పుడు, కూర్చున్ననాటికంటె ఏదైనా ఎక్కువ నేర్చి లేచాడా? వాని చేయి గాని, చెవి గాని, మనస్సు గాని కొంతైనా పదునెక్కినదా? సిమియన్ ఆ మీటల ముందు కూర్చొని లేచిన ప్రతిసారీ కొత్త మనిషిగానే లేచాడు. చిత్రకారుడు సంగీతకారుడయ్యాడు. యంత్రం కూడ అతనివల్ల మారింది, పరీక్షపెట్టె వాద్యమయింది. ఇట్టి ఇచ్చిపుచ్చుకోలు ఉన్నచోట కళకు హాని లేదు. కోరిక మనది, ఫలితం యంత్రానిది, నడుమ సాధన ఎవరిదీ కాదు అన్నచోట పాట వినబడవచ్చు గాని పాటగాడు పుట్టడు. బడి ఉన్నది పాటల కొరకు మాత్రమే కాదు, పాటగాండ్ర కొరకు.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. మీ తరగతిలో పనికిరాని సామాను పోగుచేసుకొని వింతకూతలు కూయించే పిల్లవాడు ఒకడు తప్పక ఉంటాడు. వానికి సంగీతం పరీక్షలో మార్కులు రాకపోవచ్చు. తోటివారు వానిని విడిచిపోవచ్చు. వానిని గద్దించి కూర్చుండబెట్టే ముందు, వాని ప్రక్కన దరువు వేయగల మరొక పిల్లవాడు ఉన్నాడేమో చూచి, ఆ ఇద్దరినీ ఒకే బల్లమీద కూర్చుండబెట్టండి. ఆపైన పని వారే చూచుకొంటారు.